సిలబస్‌లో జంతువులు, అడవిలో పిల్లలు

బీఎడ్ చదివినవాళ్లకు నాలుగు జంతువులు కంఠోపాఠం. పావ్‌లోవ్ కుక్క, థార్న్‌డైక్ పిల్లి, స్కిన్నర్ ఎలుక, కోహ్లర్ చింపాంజీ. గంట మోగితే కుక్కకు నోరెందుకు ఊరింది, పెట్టెలో పడ్డ పిల్లి గడియ ఎట్లా తీసింది, మీట నొక్కిన ఎలుకకు ఏం ముట్టింది, సుల్తాన్ అనే చింపాంజీ రెండు కర్రలు కలిపి అరటిపండు ఎట్లా లాక్కుంది... అర్ధరాత్రి లేపి అడిగినా పొల్లుపోకుండా అప్పజెప్తారు. శాస్త్రీయ నిబంధనం, యత్నదోష అభ్యసనం, కార్యసాధక నిబంధనం, అంతర్దృష్టి అభ్యసనం. టెట్‌లో బిట్లు వీటి మీదే, డీఎస్సీలో బిట్లు వీటి మీదే. ఈ దేశంలో టీచరు కావాలంటే ముందు జంతు ప్రదర్శనశాల చుట్టి రావాలి.

నల్లమలలోని అమ్రాబాద్ వాళ్లకు ఐదో జంతువు కూడా తెలుసు. అది సిలబస్‌లో లేదు గానీ ఊరి పక్కనే ఉంటుంది. 2,611 చదరపు కిలోమీటర్ల టైగర్ రిజర్వు దానిది. చెట్లకు కెమెరాలు కట్టి, ఒక్కో పులి ఒంటిమీది చారలు చూసి, ఏది ఏదో గుర్తుపట్టి రాసుకుంటారు. మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర రాత్రి తొమ్మిదికి గేటు పడితే పొద్దున ఆరు దాకా శ్రీశైలం బండ్లు కదలొద్దు. పులి తిరిగే వేళ మనిషి అడ్డం రావొద్దు. చాలా మంచి పని. పులి బతకాలి, అడవి బతకాలి. నా ఏడుపల్లా ఒక్కటే. నల్లమలలో ఎవరి కంటా పడకుండా తిరిగే పులిని కెమెరా పట్టుకుంటోంది. కాలేజీలో బల్ల మీద కూర్చోవాల్సిన బీఎడ్ విద్యార్థిని మాత్రం ఏ కెమెరా పట్టుకోలేకపోతోంది.

హాజరు పట్టీలో ఉంటాడు. ఫీజు రసీదులో ఉంటాడు. రికార్డులో ఉంటాడు. పరీక్ష హాల్లో ఉంటాడు. క్లాసులో ఉండడు. అంతరించిపోతున్న జాతుల్లో వీణ్ని చేర్చాలా వద్దా అన్నది అటవీ శాఖ తేల్చాలి.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ బీఎడ్ సీటు అడగబోయినవాడికి ఎదురయ్యే సంభాషణ ఇట్లా ఉంటుంది.

"సార్, నమస్తే. బీఎడ్ సీటు కావాలె."

"ఎడ్‌సెట్ రాసినవా?"

"రాసిన సార్."

"మంచిది. రెగ్యులరా, నాన్ అటెండింగా?"

"నాన్ అటెండింగ్ అంటే ఏంది సార్?"

"పరీక్షకొస్తవు. పాస్‌పోర్ట్ ఫొటోలు పంపుతవు. రికార్డులు మేం చూసుకుంటం. దానికి ప్యాకేజీ వేరే ఉంటది."

"మరి ఇంటర్న్‌షిప్పు?"

"ఏ మండలంల కావాల్నో చెప్పు. సంతకం, ముద్ర అయిపోతయి."

"మరి క్లాసులు సార్?"

"క్లాసులకేంది బిడ్డా, అవి నడుస్తనే ఉంటయి. నువ్వు రాకున్నా నడుస్తయి. గదే మా కాలేజీ ప్రత్యేకత."

ఇది నేను కనిపెట్టిన గుట్టేం కాదు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ జె.ఎస్. వర్మ కమిషన్ 2012లోనే కుండబద్దలు కొట్టింది. 2020 జాతీయ విద్యా విధానం ఆ మాటనే మళ్లీ అచ్చువేసుకుంది. దేశంలో విడిగా నడుస్తున్న ఉపాధ్యాయ శిక్షణ సంస్థలు పదివేలకు పైనే, వాటిలో ఎక్కువ శాతం శిక్షణ జోలికే పోకుండా డిగ్రీలు అమ్ముకుంటున్నాయని సర్కారే తన పుస్తకంలో తాను రాసుకుంది. 2012లోనే సంగతి తెలిశాక ఏం చేయాలి? తాళం వేయాలి, లేదా తలుపు తట్టి లోపల ఎవరున్నారో చూడాలి. జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే మన ఎన్‌సీటీఈ, అంతకన్నా తెలివైన ఉపాయం పట్టింది. కోర్సు పొడిగించింది.

ఏడాది బీఎడ్ 2015 నుంచి రెండేళ్లయింది. నాణ్యత పెరగాలని. అంతకుముందు ఏడాదిపాటు క్లాసుకు రానివాడు అప్పట్నుంచి రెండేళ్లపాటు రావడం మానేశాడు. ఫీజు మాత్రం రెండేళ్లు ఠంచనుగా వచ్చింది. ఐదేళ్లు తిరక్కుండానే కొత్త విద్యా విధానం వచ్చి, రెండేళ్లూ చాలవు, 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ కోర్సే టీచరుకు కనీస అర్హత కావాలంది. 2025లో ఎన్‌సీటీఈ కొత్త ముసాయిదా తెచ్చి, నాలుగేళ్ల డిగ్రీయో పీజీయో ఉన్నవాళ్లకు మళ్లీ ఏడాది బీఎడ్ చాలంది. ఒకటి, రెండు, నాలుగు, మళ్లీ ఒకటి. వాగులో ఎన్ని నీళ్లున్నాయో కొలిచేవాళ్లే గాని, పిల్లవాడు ఈత నేర్చాడా అని అడిగేవాళ్లు ఢిల్లీలో లేరు.

ఇంతకీ అందరూ నాన్ అటెండింగే అనుకుంటే పాపం తగులుతుంది. నిజంగా కాలేజీకి పోయేవాళ్లున్నారు. అమ్రాబాద్, పదర తండాల నుంచి, మన్ననూరు దిక్కు నుంచి పొద్దున్నే బస్సెక్కి అచ్చంపేటకో నాగర్‌కర్నూల్‌కో పోయే ఆడపిల్లలున్నారు. పాలమూరులో గది కిరాయికి తీసుకుని, ఊరి నుంచి బియ్యం మూట మోసుకుపోయి, తామే వండుకు తిని చదివే పిల్లలున్నారు. 2008లో మహబూబ్‌నగర్‌కు సొంత విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు, ఇక చదువుకు పట్నం పోనక్కర్లేదని అందరికన్నా ఎక్కువ సంబరపడ్డది వాళ్ల తల్లిదండ్రులే. ఆ నిజాయితీ పిల్లలకు ఈ శిక్షణ ఏం నేర్పుతోందో ఒక్క పాఠం దగ్గర నిలబడి చూద్దాం.

పాఠ్యపథకం రికార్డు తెరవండి. పేజీ మధ్యలో గీత. ఎడమ పక్క ఉపాధ్యాయ కృత్యం, కుడి పక్క విద్యార్థి కృత్యం. ఎడమ పక్క టీచరు అడగబోయే ప్రశ్న, కుడి పక్క పిల్లవాడు చెప్పబోయే జవాబు. రెండూ ముందు రోజు రాత్రి హాస్టల్లో, నీలం పెన్నుతో ఒకటి, నల్ల పెన్నుతో ఒకటి, ఒక్క చేత్తోనే రాసినవి. పిల్లవాణ్ని ఇంకా చూడలేదు, వాడి జవాబు మాత్రం సిద్ధం. "విద్యార్థులు శ్రద్ధగా విని సమాధానం చెబుతారు." జోస్యానికి మన దగ్గర డిగ్రీ లేదనేవాళ్లు బీఎడ్ రికార్డు చూడలేదన్నమాట. ఇక సీనియర్ రికార్డు దించినవాళ్ల సంగతి వేరే. తేదీలతో సహా దించుతారు కాబట్టి, రికార్డు ప్రకారం ఆదివారమూ పాఠం నడుస్తుంది, దసరా నాడూ నడుస్తుంది. జమ్మి ఆకు పంచుకోవాల్సిన పూట పిల్లలు శ్రద్ధగా విని సమాధానం చెప్పి ఉంటారు.

ఇప్పుడు ఆ రికార్డు చంకన పెట్టుకుని మన ఛాత్రోపాధ్యాయుడు నల్లమల అంచున ఒక బడికి వచ్చాడనుకోండి. ఆరో తరగతి. మనం తినే తిండి ఎక్కడి నుంచి వస్తుందన్నది పాఠం. గోడకు చార్టు తగిలించాడు. ప్రేరణ సోపానం. రికార్డులో రాసుకున్న ప్రశ్న అడిగాడు.

"పిల్లలూ, మనకు తేనె ఎవరిస్తారు?"

కుడి పక్క రాసిన జవాబు "తేనెటీగలు". కానీ వెనక వరసలో ఒక చెంచు పిల్లవాడు లేచి నిలబడ్డాడు.

"ఏ తేనె సారూ? పెద్ద తేనెనా, పుట్ట తేనెనా, జుంటి తేనెనా?"

సారు రికార్డు చూసుకున్నాడు. కుడి పక్క ఆ జవాబు లేదు.

"తేనె అంటే తేనేరా. కూసో."

పిల్లవాడు కూర్చున్నాడు. పాఠం ముందుకు పోయింది. వెనక బెంచీలో కూర్చుని పరిశీలించే అధ్యాపకుడు నోటు పుస్తకంలో రాసుకున్నాడు. చార్టు బాగుంది. నల్లబల్ల పని బాగుంది. తరగతి క్రమశిక్షణ ఇంకా మెరుగుపడాలి.

ఆ పిల్లవాణ్ని కూర్చోబెట్టకుండా ఇంకొక్క ప్రశ్న అడిగి ఉంటే ఏం చెప్పేవాడో తెలుసా? పెద్ద తేనె కొండచరియకు పడుతుంది, రాత్రిపూట పొగ పెట్టి, తాడు కట్టుకుని దిగాలి అని చెప్పేవాడు. పైన తాడు ఎవరు పట్టుకుంటారంటే, బామ్మర్ది పట్టుకుంటాడనేవాడు. తమ్ముడో అన్నో ఎందుకు పట్టుకోడంటే, బామ్మర్ది తాడు వదిలితే వాడి అక్కే ముండమోస్తది గదా సారూ, అందుకే వదలడు అని విడమరిచి చెప్పేవాడు. బెంజమిన్ బ్లూమ్ 1956లో బోధన లక్ష్యాలకు మెట్లు కట్టాడు. జ్ఞానం, అవగాహన, వినియోగం, విశ్లేషణ, సంశ్లేషణ, మూల్యాంకనం. ఆ మెట్లు మన సారుకు వరసతప్పకుండా వచ్చు, పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నాడు. వెనక వరసలో ఆ పిల్లవాడు అన్ని మెట్లూ ఎక్కి కూర్చున్న సంగతి మాత్రం గమనించలేదు. తప్పు సారుది కాదు. చింపాంజీ తెలివి చూసి ఆశ్చర్యపడమని రెండేళ్లు నేర్పారు. చెంచు పిల్లవాడి తెలివి చూసి ఆశ్చర్యపడమని ఒక్క పీరియడ్ కూడా పెట్టలేదు.

సరే, డిగ్రీ చేతికొచ్చింది. ఇక కొలువు. ఇక్కడి నుంచి నిజమైన కోర్సు మొదలవుతుంది. దీనికి కాలపరిమితి లేదు. ఎన్‌సీటీఈ కూడా దీన్ని తగ్గించలేదు.

తెలంగాణ వచ్చాక 2017లో 8,792 పోస్టులకు ప్రకటన వచ్చింది. తర్వాత కాలం ఆగిపోయింది. 2023 సెప్టెంబరులో, ఎన్నికల ముంగిట, 5,089 పోస్టులతో ఇంకో ప్రకటన వచ్చింది. ఎన్నికలొచ్చాయి, పరీక్ష పోయింది, సర్కారు మారింది, ప్రకటన రద్దయింది. 2024 ఫిబ్రవరి 29న 11,062 పోస్టులతో మళ్లీ కొత్తది. ఫిబ్రవరి 29న వచ్చిన ప్రకటనకు పుట్టినరోజు నాలుగేళ్లకోసారే వస్తుందని అభ్యర్థులు అప్పుడే అర్థం చేసుకుని ఉండాల్సింది. రెండు లక్షల డెబ్బై వేలకు పైగా దరఖాస్తులు పడ్డాయి. ఆ 11,062లో 6,508 పోస్టులు ఎస్జీటీలవి, అంటే చిన్న తరగతుల టీచర్లవి. వాటి మీద బీఎడ్ వాళ్లు ఆశ వదులుకోవాలి. బీఎడ్ శిక్షణ ప్రాథమిక తరగతుల పిల్లల కోసం కాదని 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చేసింది. అంతకు ఐదేళ్ల ముందు, 2018లో, బీఎడ్ వాళ్లూ చిన్నపిల్లలకు చెప్పొచ్చని రాసిచ్చింది ఎన్‌సీటీఈనే. ఆ కాగితం నమ్మి దేశంలో ఎందరు ఫీజులు కట్టారో, వాళ్లకు ఎవరు తిరిగి కట్టారో అడక్కండి. స్కూల్ అసిస్టెంట్ పోస్టులు రాష్ట్రం మొత్తానికి 2,629. అందులో జిల్లాలు, మాధ్యమాలు, సబ్జెక్టులు, రిజర్వేషన్లు పంచుకోగా అమ్రాబాద్ పిల్లకు మిగిలేది ఎంతో కూడికలు తీసివేతలు వచ్చినవాళ్లు లెక్కేసుకోవచ్చు. గణితం మెథడాలజీ తీసుకున్నవాళ్లయితే ఏడుస్తూ లెక్కేసుకుంటారు.

దానికి ముందు టెట్ ఉంది. 2024 టెట్‌కు ఒక పేపరుకు వెయ్యి రూపాయలు, రెండు పేపర్లకు రెండు వేలు వసూలు చేశారు. గోల చేస్తే తర్వాత కొంచెం తగ్గించారు. కొలువు లేనివాడి దగ్గర, కొలువు ఇస్తానన్నవాడు రుసుము తీసుకునే వ్యవహారాన్ని బయట చేస్తే పోలీసులు పట్టుకుపోతారు. ఇక 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, రిటైరు కావడానికి అయిదేళ్లకు మించి సర్వీసు మిగిలిన పాత టీచర్లు కూడా రెండేళ్లలో టెట్ పాస్ కావాల్సిందేనంది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెప్తున్న పెద్దసారు ఇప్పుడు కూతురి గైడు అడిగి తీసుకుని పావ్‌లోవ్ కుక్క దగ్గర మళ్లీ మొదలుపెట్టాలి. గంట మోగితే నోరూరుతుందో లేదో తనకే పరీక్ష.

ఓపిక పట్టినవాళ్లకు ఫలం దక్కదని అనుకోవద్దు. 1998 డీఎస్సీ రాసినవాళ్లకు ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు పాతికేళ్లకు, రిటైరు కావాల్సిన వయసు దగ్గరపడ్డాక, తాత్కాలిక పద్ధతిలో కొలువులొచ్చాయి. 2008 డీఎస్సీలో అన్యాయమైపోయిన వాళ్లకు తెలంగాణలో 2025లో కాంట్రాక్టు కాగితాలు చేతికొచ్చాయి. యువ ఉపాధ్యాయులకు ఇంత గౌరవం ఇంకెక్కడుంటుంది!

ఈలోగా తినాలి కదా. అందుకు ప్రైవేటు బడి ఉంది. జూన్ నుంచి ఏప్రిల్ దాకా పాఠం, ఎండాకాలం ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవడం. జీతం ఎంతని అడిగితే కూలికి పోయే తల్లి ముందు చెప్పుకోలేనంత. కరోనా వచ్చి ఆ జీతమూ ఆగిపోతే 2021లో సర్కారు జాలిపడి నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇచ్చింది. గురుబ్రహ్మకు రేషన్ కార్డు దొరికిన శుభ సందర్భమది. సర్కారు బడుల్లో పన్నెండు వేలకు పనిచేస్తున్న విద్యా వాలంటీర్లను అదీ ఇవ్వకుండా ఇంటికి పంపేసింది.

ఇంతమంది టీచర్లు ఉద్యోగాల్లేక తిరుగుతున్నారంటే బడులన్నీ సార్లతో నిండిపోయి ఉంటాయని ఎవరైనా అనుకుంటారు. 2024-25 కేంద్ర విద్యాశాఖ లెక్క చూడండి. ఒక్క పిల్లా చేరని బడులు తెలంగాణలో 2,245. ఆ బడుల పేరిట 1,016 మంది టీచర్లు. పిల్లల్లేని చోట సార్లు, సార్లకోసం చూసే చోట పిల్లలు. అడవి లోపలి చెంచు గూడేల్లో, పెంటలంటారు వాటిని, ఒక్క టీచరుతో నడిచే బడికి ఆ సారు జ్వరపడితే బడికే జ్వరం. మీటింగుకు పోతే బడికే సెలవు. మంచి సారు దొరికి పిల్లలు అలవాటుపడే లోపు బదిలీ. ఆశ్రమ పాఠశాలల్లో సీఆర్టీలు, అంటే కాంట్రాక్టు రెసిడెన్షియల్ టీచర్లు, ఏళ్లకేళ్లు అట్లాగే నెట్టుకొస్తున్నారు. పిల్లవాడికి స్థిరమైన పెంట లేదని అధికారులు వాపోతారు, వాడికి స్థిరమైన సారు లేడని ఒప్పుకోరు.

దీనికి మందు లేదా అంటే, ఉండేది. అమ్రాబాద్ అయిదో షెడ్యూల్ ప్రాంతం. ఇట్లాంటి చోట టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000 జనవరి 10న మూడో నంబరు జీవో వచ్చింది. ఊరి పిల్ల ఊళ్లోనే టీచరైతే బస్సు చూసుకుని మూడు గంటలకే బడి మూసే అవసరం ఉండదన్నది అందులోని తర్కం. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు ఆ జీవోను కొట్టేసింది. నూటికి నూరు శాతం చెల్లదంది, రెండు తెలుగు రాష్ట్రాలకూ కలిపి అయిదు లక్షల ఖర్చులు కూడా వేసింది. చెల్లనిది నూరు శాతమైతే చెల్లేదెంతో తేల్చుకుని కొత్త చట్టం రాసుకోవచ్చు కదా? ఎన్నికలప్పుడు ప్రతి పార్టీ రాస్తానంటుంది. రాయడానికి పెన్ను దొరకడం లేదు. బహుశా నీలం పెన్నూ నల్ల పెన్నూ రెండూ బీఎడ్ రికార్డులకే అయిపోయి ఉంటాయి.

ఇంకా వెనక్కి పోదాం. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్-హైమెన్‌డార్ఫ్ 1940లో ఇదే అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి చెంచులతో ఉన్నాడు. వాళ్ల మీద రాసిన పుస్తకం 1943లో అచ్చయింది. అదే 1943లో ఆదిలాబాద్ అడవుల్లో మార్లవాయి అనే గోండు గూడెంలో ఆయన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం నడిపించాడు. గోండు యువకులనే తెచ్చి, గోండీలోనే వాచకాలు రాయించి, వాళ్లనే పంతుళ్లను చేసి గూడేలకు పంపాడు. ఎడ్‌సెట్ లేదు, టెట్ లేదు, బ్లూమ్ మెట్లు ఇంకా కట్టనే లేదు. కానీ బడిలో పిల్లలున్నారు, పిల్లల మాట తెలిసిన పంతులున్నాడు. ఆ పని చేయించిన నిజాం సర్కారుకు గిరిజనుల మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టిందనుకోవద్దు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణమిచ్చాక గాని ఆ బుద్ధి పుట్టలేదు. ఎనభై ఏళ్ల కింద ఒక రాజు సర్కారు తిరుగుబాటుకు భయపడి చేసిన పని, ఓటుకు భయపడే సర్కార్లు ఇప్పటిదాకా మన్ననూరులో చేయలేకపోయాయి.

చేయాల్సింది పెద్దదేం కాదు. పులికి కట్టిన కెమెరాల్లో ఒకటి తెచ్చి బీఎడ్ కాలేజీ గుమ్మానికి కట్టండి, వచ్చినవాళ్లెందరో నెలనెలా గోడకు అంటించండి. రానివాళ్లకు డిగ్రీ ఇచ్చిన కాలేజీ పేరును పత్రికల్లో వేయండి. ఇంటర్న్‌షిప్పును ముద్రలిచ్చే ఆఫీసుల నుంచి తప్పించి పెంటల బడులకు పంపండి. పోయిన పిల్లలకు ఉండడానికి గది, తినడానికి భత్యం ఇవ్వండి. ఎంబీబీఎస్ పిల్లవాడికి హౌస్‌సర్జన్సీలో ఇచ్చినప్పుడు బీఎడ్ పిల్లకు ఇవ్వడానికి చేతులెందుకు రావు? బీఎడ్ చేసి ఖాళీగా ఉన్న చెంచు, లంబాడా పిల్లల పేర్లు గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ దగ్గరే ఉంటాయి. కోర్టు కాదన్న నూరు శాతం పక్కన పెట్టి, కోర్టు ఒప్పుకునే శాతమెంతో రాసి ముందు వాళ్లను బడిలో నిలబెట్టండి. టెట్‌కు రుసుము తీసేయండి. డీఎస్సీకి ఒక తేదీ పెట్టి, ఆ తేదీ ఎన్నికల క్యాలెండరులో కాకుండా బడి క్యాలెండరులో ఉండేట్టు చూడండి.

ఇవేవీ మావల్ల కాదంటారా? అయితే ఒక్క పని చేసిపెట్టండి. ప్రతి బీఎడ్ కాలేజీ ప్రహరీకి, ప్రతి ట్రైనింగ్ హాలుకు "దేశ భవిష్యత్తు తరగతి గదుల్లోనే రూపుదిద్దుకుంటోంది" అన్న కొఠారీ కమిషన్ సూక్తి పెద్ద అక్షరాలతో రాయించడం మానుకోండి. పెయింటు డబ్బులన్నా మిగుల్తయి. వాటితో పెంట బడికి పగిలిపోయిన నల్లబల్ల మార్చొచ్చు.